నీ లైనక్స్ నువ్వే ఎక్కించుకో

నెల్లూరు

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. విండోస్ బదులు వాడుకునే లైనక్స్ వేసుకోవాలనుంది, ఏది వేసుకుంటే మంచిది, అన్నయ్య ఆదివారం ఒంగోలు నుంచి వచ్చినప్పుడు వేసిస్తానంటున్నాడు. అడిగింది ఇదేగా? ఆ చివరి మాటకే ముందు జవాబు చెప్తాను. అన్నయ్యను వెయ్యనివ్వద్దు. నువ్వే వెయ్యి. వాడు పక్కన కూచుంటే చాలు, అదీ కాసేపే.

పంతం కోసం చెప్పే మాట కాదిది. చూపున్నవాళ్లు లైనక్స్ వేసేటప్పుడు మౌస్ పట్టుకుని టకటకా నొక్కుకుంటూ పోతారు. చకచకా అయిపోతుంది. తీరా నీలా, నాలా చూపులేనివాళ్ల చేతికిచ్చాక లాగిన్ దగ్గరే మిషను నోరు విప్పదు, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించదు. గొంతు ఎక్కడ ఆన్ చెయ్యాలో వెతకడానికి మళ్లీ వాడే రావాలి. అదే డెబియన్ అనే లైనక్స్ రకాన్ని మాటలు వింటూ వేసుకున్నావనుకో, వేసేటప్పుడు పలికిన ఏర్పాటంతా ఎక్కిన సిస్టంలోకి దానంతటదే వచ్చేస్తుంది. మొదటిసారి లాగిన్ అడిగేటప్పుడే పలుకుతుంది. ఇక్కడ ట్రంకు రోడ్డులో ఒక షాపతనికి ఈ సంగతి చెప్పబోతే, "అంకుల్, స్క్రీన్ మీద అంతా కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు" అన్నాడు. మంచి పిల్లాడే పాపం.

ఏది వేసుకోవాలంటే, డెబియన్ 13. 2025 ఆగస్టులో వచ్చింది. ఉబుంటు అనే ఇంకో రకం కూడా చెడ్డదేం కాదు. పెన్‌డ్రైవ్ నుంచి లేచాక ఆల్ట్, సూపర్, ఎస్ మూడూ కలిపి నొక్కితే ఆర్కా పలుకుతుంది, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది. సూపర్ అంటే విండోస్ గుర్తుండే కీ. కానీ వాళ్లు ఇన్‌స్టాలర్‌ని కొత్తగా రాసుకున్నప్పటినుంచి దాని మీద నాకు అంత నమ్మకం కుదరడం లేదు. కేరళ వాళ్లు ఉబుంటు మాటే (MATE) అనే రకం మీద కట్టిన యాక్సెసిబుల్ కోకోనట్ అని ఒకటుంది, మనలాంటివాళ్ల కోసమే చేసింది, కావలసినవన్నీ ముందే సర్ది ఉంటాయి. అన్నీ వండి పెట్టి ఉండాలనుకునేవాళ్లకు అదే చెప్తాను. నీకు మాత్రం డెబియనే. మొదటి ప్రశ్న నుంచీ నీతో మాట్లాడేది అది.

బ్యాంకు కోచింగ్ లాప్‌టాప్ జోలికి పోవద్దు. అందులో విండోస్, దాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అలాగే ఉండనీ. కోచింగ్ వాళ్ల మెటీరియల్ దాంట్లోనే సుఖం. పైగా కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది, దాని రికవరీ కీ దగ్గర లేకుండా డిస్కును కదిలిస్తే ఫైళ్లన్నీ లోపలే ఉండిపోతాయి. మీ నాన్న అటక మీద పెట్టేసిన పాత లాప్‌టాప్ కిందికి దించమను. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. దాంట్లో పెళ్లి ఫొటోలూ అవీ ఏమైనా ఉంటే ముందే వేరేచోటికి కాపీ చేసెయ్, ఎందుకంటే మనం డిస్కు మొత్తం తుడిచేయబోతున్నాం.

పెన్‌డ్రైవ్‌ని కోచింగ్ లాప్‌టాప్‌లోనే తయారు చెయ్యి. డెబియన్ సైటులో నెట్‌ఇన్‌స్ట్ అనే ఐఎస్ఓ ఫైలు దించుకో, ఒక జీబీ లోపే ఉంటుంది. రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి రాయి. ఎన్‌వీడీఏతో ట్యాబ్ కొట్టుకుంటూ పోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా పోతుంది, చూసుకో.

ఇంకో రెండు వస్తువులు దగ్గర పెట్టుకో. ఒకటి వైరున్న హెడ్‌ఫోన్. ఇన్‌స్టాల్ జరిగేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పనికిరావు. రెండోది యూఎస్‌బీ సౌండ్ కార్డు. వేలెడంత ఉంటుంది, ఒకవైపు యూఎస్‌బీ, ఇంకోవైపు హెడ్‌ఫోన్ రంధ్రం. లాప్‌టాప్‌లోని సౌండ్ చిప్పుకు ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం, అందకపోతే ఇన్‌స్టాలర్ పలుకుతున్నా నీకు వినిపించదు. 2023లో డెబియన్ 12 వచ్చినప్పటినుంచి ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఐఎస్ఓలోనే ఇస్తున్నారు కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గింది. అయినా ఆ చిన్న ముక్క ఉంటే ధైర్యం. రెండు సౌండ్ కార్డులు కనిపిస్తే ఒక్కోదాంట్లో పలికి చూపిస్తుంది, నీకు వినపడిన దగ్గర ఎంటర్ నొక్కాలి.

ఇంటర్నెట్‌కి ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చెయ్యి, వైఫై పాస్‌వర్డు కొట్టే పని కూడా తప్పుతుంది. పాత లాప్‌టాప్ బ్యాటరీని నమ్మొద్దు, చార్జరు పెట్టే ఉంచు. వాయుగుండం కబురున్న రోజున అసలు మొదలుపెట్టకు. కావలిలో గాలి మొదలైతే కరెంటు సంగతి నీకు తెలియనిదా?

ఇప్పుడు అన్నయ్యతో పనిపడే చోటు. మిషను ఆన్ చెయ్యగానే వచ్చే బూట్ మెనూ పలకదు. కంపెనీవాళ్లు చిప్పులో పెట్టిన ప్రోగ్రాం అది, ఏ స్క్రీన్ రీడరూ అక్కడిదాకా వెళ్లలేదు. అది తెరవడానికి డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఆన్ చేసిన క్షణం నుంచి ఆ కీని ఆగకుండా టకటకా కొడుతూ ఉండు. మెనూ వచ్చాక అన్నయ్యను చదవమను. చదవడం వాడిది, నొక్కడం నీది. "పెన్‌డ్రైవ్ పేరు మూడోది, ఇప్పుడు మొదటిదాని మీద ఉంది" అని వాడు చెప్తే రెండుసార్లు కింది బాణం, ఎంటర్. వాడి చెయ్యి కీబోర్డు మీదికి వస్తే ఒకటి వెయ్యి, పెద్దనాన్న చెప్పాడని చెప్పు. వాడు రాని రోజయితే ఫోన్‌లో బి మై ఐస్ పెట్టుకుని వాలంటీరు చేత చదివించుకోవచ్చు. ఎన్నోది ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ వచ్చిందో గుర్తు పెట్టుకో, మళ్లీ ఎప్పుడైనా కావాల్సివస్తే ఎవరితోనూ పనుండదు.

అక్కడినుంచి అన్నయ్య టీ తాగడానికి వెళ్లొచ్చు.

డెబియన్ మెనూ వచ్చిందని బీప్ కొట్టి చెప్తుంది. పాత పద్ధతిలో (బయాస్) లేచే మిషనయితే ఒక బీప్, కొత్త పద్ధతి (యూఈఎఫ్ఐ) అయితే రెండు. వినగానే ఎస్ అక్షరం, తర్వాత ఎంటర్. కొన్ని లాప్‌టాప్‌లకు బీప్ రాదు. అప్పుడు గాబరాపడి ఏదో ఒక కీ నొక్కొద్దు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూచో. ఎవరూ ఏమీ నొక్కకపోతే 30 సెకన్ల తర్వాత అదే మాటల ఇన్‌స్టాలర్‌ని మొదలుపెడుతుంది. చూపున్నవాళ్లు ఏదో ఒకటి నొక్కుతారు, మనం ఆగుతాం అని లెక్క వేసి పెట్టారన్నమాట. ఈ ఒక్క ఆలోచన చేసినవాళ్లకు నేను దండం పెడతాను.

గొంతు ఈస్పీక్ అనే ప్రోగ్రాంది, యంత్రంలా ఉంటుంది. ఎన్‌వీడీఏలో వినీ వినీ నీకు అలవాటేగా. మొదట్లో బాగా నెమ్మదిగా చదువుతుంది. క్యాప్స్ లాక్ పట్టుకుని పై వరసలోని 6 నొక్కితే వేగం పెరుగుతుంది, 5 నొక్కితే తగ్గుతుంది. 2తో సౌండు పెరుగుతుంది, 1తో తగ్గుతుంది. మాట జారిపోతే క్యాప్స్ లాక్‌తో ఐ నొక్కు, ఉన్న లైను మళ్లీ చదువుతుంది. యు అయితే పై లైను, ఓ అయితే కింది లైను. అవతల ఏం రాసుందో నీ ఇష్టమొచ్చినన్నిసార్లు వినొచ్చు, కాబట్టి తొందరేం లేదు.

ప్రతి ప్రశ్నకీ జవాబులు అంకెలతో వరసగా చదువుతుంది. కావలసిన అంకె కొట్టి ఎంటర్. అది సూచించిన జవాబే చాలనుకుంటే ఉత్త ఎంటర్. వెనక్కి పోవాలంటే లెస్ దేన్ గుర్తు కొట్టి ఎంటర్. జవాబు ఖాళీగా వదలాలంటే ఆశ్చర్యార్థకం గుర్తు. భాష అడిగినప్పుడు ఇంగ్లీషు పెట్టుకో, తెలుగు సంగతి తర్వాత చూద్దాం. దేశం ఇండియా, కీబోర్డు అమెరికన్ ఇంగ్లీష్. పాస్‌వర్డు కొట్టేటప్పుడు అక్షరాలు పలకదు, పక్కవాళ్లు వినకూడదు కదా, ఆగిపోయిందనుకోకు. రూట్ పాస్‌వర్డు ఒకటి, నీ పాస్‌వర్డు ఒకటి అడుగుతుంది. రెండూ బ్రెయిల్‌లో రాసి పెట్టుకో.

డిస్కు దగ్గర మాత్రం నిదానంగా చెయ్యి. గైడెడ్ అని మొదలయ్యే వాటిలో డిస్కు మొత్తం వాడుకునేది ఎంచుకో. తర్వాత ఏ డిస్కు అని అడుగుతుంది. ఆ పట్టీలో నీ పెన్‌డ్రైవ్ కూడా ఉండొచ్చు. పేర్లు వింటే ఏదేదో తెలియదు, సైజు విను. వందల జీబీలుండేది లాప్‌టాప్ డిస్కు. తర్వాతి ప్రశ్నలకు ఎంటర్ కొట్టుకుంటూ పోతే చివర్లో మార్పులు డిస్కు మీద రాయనా అని అడుగుతుంది. ఇక్కడ ఉత్త ఎంటర్ కొడితే వద్దన్నట్టు లెక్క, మళ్లీ వెనక పట్టీకే తీసుకెళ్తుంది. అంతవరకూ అన్నింటికీ ఎంటర్ పనిచేసింది కదా, ఇక్కడా కొట్టి, మిషను గిరగిరా తిరుగుతోందని చాలామంది పిల్లకాయలు నాకు ఫోన్ చేస్తారు. తప్పు మిషనుది కాదు. తుడిచేసే పనికి నోరు తెరిచి ఒప్పుకోమంటోంది. యెస్ (అవును) అనేదానికి ఏ అంకె చదివిందో విని ఆ అంకె కొట్టి ఎంటర్ చెయ్యి.

తర్వాత ఏయే సాఫ్ట్‌వేర్లు కావాలని అడుగుతుంది. ఒక డెస్క్‌టాప్, అంటే లోపలికి వెళ్లాక నువ్వు వాడే మెనూల ఏర్పాటు, ముందే ఎంచి ఉంటుంది. నేను మాటే (MATE) అనే డెస్క్‌టాప్ చెప్తాను. పాత లాప్‌టాప్‌కి బరువు తక్కువ, మెనూలు పాత విండోస్ పద్ధతిలో ఉంటాయి, ఆర్కాతో తడబాటు లేదు. డెబియన్ డెస్క్‌టాప్, మాటే, స్టాండర్డ్ సిస్టం యుటిలిటీస్, ఈ మూడింటి అంకెలూ మధ్యలో ఖాళీ ఇచ్చి కొట్టు. మెనూలో అంకెలు వెర్షన్‌ని బట్టి మారతాయి, అందుకే నేనిక్కడ రాయలేదు. ఆ తర్వాత చాలాసేపు దించుకుంటూ కూచుంటుంది. అన్నం తినేసి రా. గ్రబ్, అంటే లైనక్స్‌ని లేపే ప్రోగ్రాం, ఎక్కడ పెట్టాలని అడిగితే ఇందాకటి లాప్‌టాప్ డిస్కే. అయిపోయిందన్నప్పుడు పెన్‌డ్రైవ్ తీసేసి ఎంటర్.

మళ్లీ లేచాక లాగిన్ దగ్గర పలుకుతుంది. లోపలికి వెళ్లాక ఎందుకైనా పలక్కపోతే ఆల్ట్, ఎఫ్2 నొక్కి, ఓ ఆర్ సీ ఏ అని చిన్న అక్షరాల్లో కొట్టి ఎంటర్. అదీ కాదంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2. బొమ్మలేవీ లేని ఉత్త అక్షరాల స్క్రీన్ వస్తుంది, నువ్వు మాటలతో ఎక్కించావు కాబట్టి అదీ చదువుతుంది. అక్కడినుంచే లాగిన్ అయి మరమ్మతు చేసుకోవచ్చు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7తో వెనక్కి. మామూలుగా ఎక్కించిన మిషనులో ఈ దారి ఉండదు. ఆదివారం అన్నయ్య చేత చేయించుకోవద్దని నేను మొత్తుకునేది దీనికోసమే.

ఆర్కాకి ఇన్సర్ట్ కీ ముఖ్యం. లాప్‌టాప్ లేఅవుట్ పెట్టుకుంటే క్యాప్స్ లాక్. ఇన్సర్ట్, హెచ్ నొక్కితే నేర్చుకునే పద్ధతి వస్తుంది. ఏ కీ నొక్కినా దాని పనేమిటో చెప్తుంది, ఎస్కేప్‌తో బయటికి. ఒక సాయంత్రం దానితోనే గడుపు. ఇన్సర్ట్, స్పేస్ నొక్కితే సెట్టింగులు. అక్కడ ఇంగ్లీషుకొక ప్రొఫైలు, తెలుగుకొక ప్రొఫైలు చేసుకో. ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది. ఒత్తుల దగ్గర తడుముకుంటుంది, అయినా పేపరు చదివించుకోవడానికి సరిపోతుంది. తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో ఎమ్17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకో. గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతి కింద, హల్లులు చాలావరకు కుడిచేతి కింద ఉంటాయి కాబట్టి చూడకుండా కొట్టేవాళ్లకు అదే హాయి. అచ్చు కాగితాలకు టెసరాక్ట్‌లో తెలుగు ప్యాకేజీ ఉంది, స్కాన్ చేసిన పేజీని అక్షరాలుగా మారుస్తుంది.

అన్నీ సాఫీగా ఉంటాయని చెప్పను. కొన్ని ప్రోగ్రాముల్లో బటన్లకు పేర్లే ఉండవు, "బటన్" అని ఊరుకుంటుంది. బొమ్మ క్యాప్చాలు పెట్టే సైట్లు విండోస్‌లో ఎంత బాధపెడతాయో ఇక్కడా అంతే. అయితే ఒకటి. నువ్వు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అక్షరాల స్క్రీన్‌ని చదివి పెట్టే స్పీకప్‌ని మొదలుపెట్టింది కెనడాలో కర్క్ రైజర్ అనే చూపులేని ఆయన. నీ ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్, తర్వాత ఆయనతో కలిసిన జేమ్స్ టే కూడా చూపులేనివాళ్లే. బటన్‌కు పేరు లేదని ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకు నువ్వు ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాస్తే చదివేవాళ్లున్నారు. డిగ్రీ ఇంగ్లీషు చాలు దానికి.

యూఎస్‌బీ సౌండ్ కార్డు కావలిలో వెతక్కు. నా దగ్గర ఒకటి ఉత్తగా పడుంది. మీ నాన్న గురువారం నెల్లూరు వస్తానన్నాడుగా, ఆయన చేతికిచ్చి పంపిస్తాను. బూట్ మెనూలో అన్నయ్య చదివింది మీ ఇద్దరికీ అర్థం కాకపోతే, వాడి అర్థం చెప్పొద్దని చెప్పి, స్క్రీన్ మీదున్న లైను ఉన్నదున్నట్టు నాకు ఫోన్‌లో చదివించు. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక చెయ్యి, అప్పటికి మీ పెద్దమ్మ టీవీ కట్టేస్తుంది.

మీ పెద్దనాన్న