గర్భస్రావానికి భర్త సంతకం తప్పనిసరా?

"భర్త సంతకం లేనిదే గర్భస్రావం చేయబోమని ఆసుపత్రిలో అన్నారు. చట్టంలో అలా ఉందా?" అన్నది ప్రశ్న.

లేదు. 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీ ఒక్కరి అంగీకారం చాలు. మైనర్ అయితేనో, మానసిక అనారోగ్యం ఉంటేనో సంరక్షకుల రాతపూర్వక అనుమతి కావాలి. భర్త, అత్తమామల ప్రస్తావనే అందులో లేదు. రేపు ఎవరైనా వచ్చి గొడవ చేస్తారేమోనన్న భయంతోనే కొందరు ఆ సంతకం అడుగుతుంటారు.

అలాగని అడిగితే చాలు, చేసేస్తారని కాదు. చట్టంలో చెప్పిన కారణం ఉందని వైద్యులు అభిప్రాయపడాలి. నిర్ణయం పూర్తిగా స్త్రీ చేతిలో లేకపోవడం ఈ చట్టంలోని లోపమని నా అభిప్రాయం. కుటుంబ నియంత్రణ సాధనం విఫలమవడమూ చట్టం ఒప్పుకునే కారణాల్లో ఒకటే. 2021 సవరణ తరువాత 20 వారాల వరకు ఒక వైద్యుడి అభిప్రాయం సరిపోతుంది. అత్యాచార బాధితులు, మైనర్ల వంటి కొన్ని వర్గాలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో 24 వారాల వరకు వీలుంది. ఆ వర్గాల విషయంలో పెళ్లికాని స్త్రీలను వేరుగా చూడకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

సంతకం గొడవ ఎందుకని నేరుగా మందుల దుకాణంలో మాత్రలు కొనేవారూ ఉన్నారు. మాత్రలు చెడ్డవి కావు, కానీ గర్భం గర్భాశయంలో కాక ఫెలోపియన్ నాళంలో (అండాశయం నుంచి గర్భాశయానికి అండం చేరే గొట్టంలో) ఉంటే అవి పనిచేయవు. నాళం పగిలితే ప్రాణాపాయం. మాత్రలు వేసుకున్నాక వరుసగా రెండు గంటలు, గంటకు రెండేసి ప్యాడ్లు తడిసిపోయేంత రక్తస్రావమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.