క్యాంపస్‌లో గొడవలుంటే చదువు పాడవుతుందా? పరీక్షల తేదీలు చెబుతాయి

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఏ ఎకనామిక్స్ పూర్తి చేసింది. సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ సీటు వచ్చేలా ఉంది. పీజీసెట్ ర్యాంకుతో ఆంధ్రా యూనివర్సిటీలోనూ వస్తుంది. ‘హైదరాబాదులో ఎప్పుడూ ధర్నాలే, అక్కడికెళ్తే పిల్ల జెండా పట్టుకుంటాది’ అని చుట్టాలు భయపెడుతున్నారు. విశాఖ అయితే దగ్గర, ప్రశాంతం అంటున్నారు. అమ్మాయి మాత్రం హైదరాబాదే అంటోంది. ఏ యూనివర్సిటీ విలువ ఎంతో, రాజకీయాల వల్ల చదువుకు నష్టం ఉంటుందో లేదో ఎలా తేల్చుకోవాలి?
– ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: మీ ఉత్తరంలో రెండు అనుమానాలు కలిసిపోయాయండి. పేరుకు తగ్గ చదువు ఉందా అన్నది ఒకటి, ఉన్న చదువు గొడవల్లో కొట్టుకుపోతుందా అన్నది రెండోది. రెండో దానికి చుట్టాల మాటల కన్నా గట్టి సాక్ష్యం యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంది. ముందు అది చూద్దాం.

ప్రతి యూనివర్సిటీ ఏడాది మొదట్లో అకడమిక్ క్యాలెండర్ ప్రకటిస్తుంది. గడిచిన మూడేళ్లవీ డౌన్‌లోడ్ చేసుకోండి. పరీక్షల విభాగం ఇచ్చిన టైంటేబుళ్లు, ఫలితాల నోటిఫికేషన్లు కూడా తీసుకోండి. ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీసి ఒక్కో సెమిస్టర్‌కూ పరీక్ష ఎప్పుడన్నారు, ఎప్పుడు పెట్టారు, ఫలితం ఎప్పుడొచ్చింది, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఎప్పటినుంచి ఇచ్చారు అన్నవి రాయించండి. ఈ పని మీ అమ్మాయి చేతే చేయించండి, ఓ పూట పడుతుంది. పది పదిహేను రోజుల తేడా ఎక్కడైనా ఉంటుంది. తిత్లీ లాంటి తుపాను చూసిన జిల్లా మనది, అక్టోబరులో వాయిదా అంటే మనకు కొత్తేమీ కాదు. తేడా రెండు నెలలు దాటిందంటే మాత్రం ఆగి ఆలోచించాలి. జూన్‌లో రావాల్సిన నాలుగో సెమిస్టర్ ఫలితం అక్టోబరులో వస్తే ఆ ఏడాది పీహెచ్‌డీ సీటు పోయినట్టే. ఉద్యోగానికి సెలెక్టయినా సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో చూపించడానికి కాగితం ఉండదు.

వాయిదా నోటీసుల్లో కారణం కూడా చదవండి. ‘బంద్ కారణంగా’ ఒక పరీక్ష ఒక రోజు వెనక్కి జరిగితే అది రాజకీయం, ఆ రోజుతో పోయింది. ‘అనివార్య కారణాల వల్ల’ మొత్తం పరీక్షలు మూడు వారాలు వెనక్కెళితే చాలాసార్లు సిలబస్ పూర్తికాకపోవడమో, పేపర్లు దిద్దేవాళ్లు లేకపోవడమో కారణం. ధర్నాల మీద పడే నిందలో చాలా భాగం నిజానికి ఖాళీ పోస్టులది.

మీ చుట్టాలు టీవీలో చూసింది బహుశా 2025 మార్చి, ఏప్రిల్ నెలల సంగతి. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి మీద వచ్చిన వివాదం అది. చెట్లు కొట్టేస్తుంటే సుప్రీంకోర్టు ఆపించింది. విద్యార్థులు రోడ్డెక్కిన మాట నిజమే. ఎంఏ పరీక్షలు దానివల్ల ఎన్ని రోజులు కదిలాయన్నదే మీకు కావలసిన సంగతి. మీ కాగితం మీద ఆ సెమిస్టర్ గడి చూడండి, తేలిపోతుంది.

ఇక ఎన్నికలు. సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరుగుతాయి. ఏబీవీపీ, ఎస్ఎఫ్ఐ, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్, ఎన్ఎస్‌యూఐ అన్నీ ఉంటాయి. ఈ ఎన్నికలు లింగ్డో కమిటీ (విద్యార్థి ఎన్నికల తీరుపై వేసిన కమిటీ) సిఫార్సుల ప్రకారం జరగాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. నామినేషన్ల నుంచి ఫలితాల దాకా పది రోజులు మించకూడదు. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చేసిన పోస్టర్లు పనికిరావు, చేత్తో రాసినవే పెట్టాలి. పోటీ చేసేవాళ్లకు 75 శాతం హాజరు ఉండాలి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. అంటే పద్ధతిగా జరిగితే ఆ హడావిడి ఏడాదిలో ఓ పదిరోజులు. ఓటు వేసి వచ్చి చదువుకునే పిల్లలే అక్కడ ఎక్కువ.

విశాఖ ప్రశాంతం అన్న మాటను మాత్రం అలాగే ఒప్పేసుకోకండి. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో దశాబ్దాలుగా సంఘం ఎన్నికలు లేవు, సంఘాలు మాత్రం ఉన్నాయి. ఎన్నికైన ప్రతినిధి లేనిచోట మెస్ బిల్లు సమస్యైనా, స్కాలర్‌షిప్ సమస్యైనా నేరుగా వీసీ ఆఫీసు ముందు బైఠాయింపుగానే బయటపడుతుంది. ఎన్నికలు లేకపోవడాన్ని శాంతి అనుకోవడం నాకు సరిగా తోచదు. విశాఖకైనా, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీకైనా అదే నాలుగు గళ్ల కాగితం గీయాల్సిందే.

ఫిర్యాదు చేస్తే ఎక్కడికి వెళుతుందో కూడా చూడండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దానిమీద అప్పీలు వినడానికి అంబుడ్స్‌పర్సన్ అనే అధికారి ఉండాలి. వెబ్‌సైట్‌లో ఆయన పేరు, మెయిల్ ఉన్నాయా? కమిటీ జాబితాలో ఎప్పుడో రిటైరైన ప్రొఫెసర్ల పేర్లే ఇంకా ఉంటే ఆ కమిటీ కాగితం మీదే ఉందని అర్థం. ఆడపిల్ల కాబట్టి లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ సభ్యుల వివరాలు, హాస్టల్ గేటు వేళలు కూడా అడగండి. ర్యాగింగ్‌కు జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

అమ్మాయికి ఒక్క జాగ్రత్త చెప్పండి. చేరిన కొత్తలో సంఘాలవాళ్లు హెల్ప్‌డెస్క్ పెట్టి హాస్టల్ ఫారాల దగ్గర్నుంచి సాయం చేస్తారు. తీసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. సభ్యత్వం ఇష్టముంటేనే. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. సభకు వెళ్లడం వేరు, పోలీసు కేసులో పేరు ఎక్కడం వేరు. ప్రభుత్వోద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీమీద కేసుందా’ అని అడుగుతారు. చిన్న కేసు ఉన్నంతమాత్రాన ఉద్యోగం పోవాలని లేదు. దాచిపెడితే మాత్రం ప్రమాదం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చర్చించింది ఈ విషయాన్నే.

రాజకీయాల సంగతి ఇంతే. తల్లిదండ్రులు సాధారణంగా తక్కువ టైం ఇచ్చేదీ, నిజానికి ఎక్కువ ఇవ్వాల్సిందీ డిపార్ట్‌మెంట్ విషయానికి.

ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో వచ్చింది. ఈ లెక్క వల్ల మీకు ఒరిగేదేం లేదు. ఆంధ్రాకు 2023లో నాక్ (విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే జాతీయ సంస్థ) ఏ డబుల్ ప్లస్ ఇచ్చింది, స్కోరు 4కి 3.74. మంచి స్కోరే. కానీ అది సైన్సు, ఇంజినీరింగ్, లా అన్నీ కలిపిన మొత్తం యూనివర్సిటీది. ఎకనామిక్స్ క్లాసులో ఎవరు పాఠం చెబుతున్నారో ఆ అక్షరం చెప్పదు. నాక్ వెబ్‌సైట్‌లో పీర్ టీమ్ రిపోర్టు, అంటే తనిఖీకి వచ్చిన బృందం రాసిన నివేదిక ఉంటుంది, దాని చివర్లో బలాలు, బలహీనతలు రాస్తారు. గ్రేడు కన్నా ఆ పేజీ విలువైనది. (ఇంకోమాట: ‘ఏ డబుల్ ప్లస్ యూనివర్సిటీకి అనుబంధం’ అని బోర్డు కట్టే ప్రైవేటు కాలేజీలున్నాయి. ఆ గ్రేడు యూనివర్సిటీది, కాలేజీది కాదు.)

ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ర్యాంకింగ్) ర్యాంకును కూడా అలా పట్టుకుని ఊగకండి. ఆ సైట్‌లో ప్రతి యూనివర్సిటీ ఇచ్చిన డేటా పీడీఎఫ్ ఉంటుంది, అది తెరవండి. రెండేళ్ల పీజీ వరుసలో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అన్నవి వరుసగా ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ వరుసలో ఎంబీఏ, ఎంటెక్, ఎంఏ అన్నీ కలిసే ఉంటాయి. ఎంటెక్ వాళ్ల జీతం చూసి ఎంఏ తెలుగు చదివిన పిల్లకూ అంతే అనుకుంటే ఎలా? ఆ జీతం గడి వదిలేసి ‘చేరినవాళ్లు – సకాలంలో పాసైనవాళ్లు’ చూడండి. వందమంది చేరి అరవైమందే పాసైతే మిగతా నలభైమంది ఏమయ్యారో అడగాలి.

తర్వాత డిపార్ట్‌మెంట్ పేజీ. రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది, గెస్ట్ ఫ్యాకల్టీ ఎంతమంది లెక్కపెట్టండి. సెమిస్టర్‌కు నాలుగైదు పేపర్ల చొప్పున రెండేళ్లకు పదహారు నుంచి ఇరవై పేపర్లు. రెగ్యులర్ వాళ్లు ముగ్గురే ఉంటే అందులో ఎన్ని వాళ్లు చెప్పగలరు? సిలబస్‌లో పదిహేను ఎలక్టివ్‌లు అచ్చేసి క్లాసులో రెండే నడిపే చోట్లున్నాయి, కాబట్టి ‘కిందటేడు నడిచిన ఎలక్టివ్‌లేవి’ అనే అడగండి. ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విషయాలను లెక్కగట్టే పేపరు) బోర్డు మీదే చెబుతారా, కంప్యూటర్ ల్యాబ్‌లో స్టాటా, ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్ మీద చేయిస్తారా? నా దృష్టిలో ఎంఏ ఎకనామిక్స్ విలువను తేల్చే ప్రశ్న ఇదొక్కటే.

ఎంతమంది నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష), జేఆర్ఎఫ్ (అందులో పైర్యాంకులకు వచ్చే పరిశోధన ఫెలోషిప్) కొట్టారో అడగండి. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్, రిజర్వ్ బ్యాంకు గ్రేడ్ బీలో ఆర్థిక పరిశోధన విభాగం పోస్టులు, ఇక్కడ జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులు ఈ డిగ్రీతో తెరుచుకునే తలుపులు. మొదటి రెండింటికీ గణితం గట్టిగా చెప్పే డిపార్ట్‌మెంటే కావాలి.

వీలుంటే ఇద్దరూ వెళ్లి చూసి రండి. ఆమదాలవలసలో రైలెక్కితే సికింద్రాబాదులో దిగడమే. అడ్మిషన్ల రోజు కాకుండా తరగతులు జరిగే మామూలు రోజున వెళ్లండి. డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు ముందు నిలబడి కాగితాల మీద తేదీలు చదవండి. ఇంటర్నల్ మార్కులు, సెమినార్ ప్రకటనలు ఈ నెలవైతే డిపార్ట్‌మెంట్ నడుస్తున్నట్టు. అంచులు పసుపెక్కిన పోయినేడాది టైంటేబుల్ ఒక్కటే ఉంటే మీకే తెలుస్తుంది. సెకండియర్ పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి: చివరి పరీక్ష అయ్యాక ఎన్నిరోజులకు ఫలితం వచ్చింది, ఈ సెమిస్టర్‌లో గెస్ట్ ఫ్యాకల్టీ ఎన్ని పేపర్లు చెబుతున్నారు, హాస్టల్లో సమస్యొస్తే ఎవరి దగ్గరకు వెళ్లారు. ముగ్గురిని విడివిడిగా అడగండి, గుంపులో అడిగితే ఒకరు చెప్పిందే అందరూ చెబుతారు.

కాగితం మీద తేదీలు సరిగ్గా ఉండి, ల్యాబ్ ఉండి, రెగ్యులర్ అధ్యాపకులు చాలినంతమంది ఉంటే నా సలహా హైదరాబాదే. అమ్మాయి గ్రూప్స్ లాంటి రాష్ట్ర పరీక్షలకు చదువుతూ పక్కన పీజీ చేయాలనుకుంటే మాత్రం విశాఖే నయం, ఖర్చు కూడా తక్కువ. మన రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తెలంగాణలోని యూనివర్సిటీకీ వస్తుందని లెక్క వేసుకోకండి.

తరగతులు మొదలయ్యేలోగా ఒక పని ఉంది. బీఏలో గణితం లేని పిల్లలు మొదటి సెమిస్టర్ మైక్రో ఎకనామిక్స్‌లోనే తడబడతారు. నినాదాల వల్ల పోయిన మార్కుల కన్నా లగ్రాంజ్ పద్ధతి (షరతులకు లోబడి గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కునే లెక్క) రాక పోయిన మార్కులే ఎక్కువ. ఇంటర్ ఎంపీసీ పుస్తకాలు తెచ్చి డెరివేటివ్‌లు, మాత్రికలు, సంభావ్యత రోజుకు రెండు గంటల చొప్పున రెండు నెలలు చేయించండి. ఆపైన పార్షియల్ డెరివేటివ్‌లు, లగ్రాంజ్ పద్ధతి.

సీటు సంగతికొస్తే, ముందు ఒకచోట చేరి తర్వాత మారాల్సి వస్తే భయపడక్కర్లేదు. యూజీసీ 2018 నిబంధన ప్రకారం అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందు మానుకుంటే ప్రాసెసింగ్ చార్జీ (ఫీజులో 5 శాతం, 5,000 రూపాయలు మించకుండా) పోను ఫీజు పూర్తిగా, ఆ తర్వాత ఆఖరి తేదీలోపు అయితే 90 శాతం వెనక్కి ఇవ్వాలి. ఆ తేదీ దాటాక 15 రోజుల వరకు 80, నెల వరకు 50 శాతం. నెల దాటితే రాదు. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలే తప్ప ఉంచుకోకూడదు. మానుకుంటున్నట్టు మెయిల్‌తో పాటు చేతి అర్జీ కూడా ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. ఎంత శాతం వస్తుందో తేలేది ఆ ముద్ర మీది తేదీతోనే.