చూడని స్లింగ్‌కు 'చెక్డ్ ఓకే' అని సంతకం పెట్టాలా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. 120 మంది పనిచేసే ఫ్యాబ్రికేషన్ ఫ్యాక్టరీలో నేను స్టోర్స్ ఇన్‌చార్జ్‌ని. బరువులు ఎత్తడానికి క్రేన్‌కు కట్టే బెల్ట్ స్లింగులు, వాటిని తగిలించే ఇనుప షాకిళ్లు నా చేతుల మీదుగానే షాప్ ఫ్లోర్‌కి వెళ్తాయి. ఈమధ్య తక్కువ రేటుకి వస్తున్నాయని టెస్ట్ సర్టిఫికెట్ లేని స్లింగులు తెప్పిస్తున్నారు. కొన్నిటికి లేబుల్ కూడా ఉండటం లేదు. మేనేజర్ గారేమో రిజిస్టర్‌లో 'చెక్డ్ ఓకే' అని రాసి సంతకం పెట్టమంటారు. "ఏదైనా అయితే కంపెనీ చూసుకుంటుంది. అయినా వర్కర్లు రూల్స్ పాటించకపోతే తప్పు వాళ్లదే కదా" అంటారు. మూడు నెలలుగా పెడుతూనే ఉన్నాను. రేపు ఎవరికైనా ప్రమాదం జరిగితే నా మీద కేసు వస్తుందా? సంతకం పెట్టనంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేయొచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు రేపు పొద్దున మీరు చేయాల్సింది చెప్తాను, చట్టం సంగతి తర్వాత చూద్దాం. రిజిస్టర్ మీ ముందుకు వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి. "స్లింగులు 6 వచ్చాయి. టెస్ట్ సర్టిఫికెట్ లేదు. రెండిటికి లేబుల్ లేదు. వాడకానికి ఇవ్వలేదు, విడిగా పెట్టాను." తేదీ వేసి సంతకం పెట్టండి. సంతకం పెట్టనని మొండికేయాల్సిన పని లేదు. అబద్ధానికి పెట్టకండి, అంతే. ఈ రెండిటికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు మీ మొదటి భయం. ప్రమాదం జరిగితే ముందుగా ఎవరి బాధ్యత? యజమానిదే. మన దేశంలో 2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో ఉన్నది అదే. పనిచేసే చోటు ప్రమాదం లేకుండా ఉండేలా చూడాల్సింది యజమాని అని దాని 6వ సెక్షన్ చెబుతుంది. యంత్రాలు, సామాన్లు తయారుచేసేవాళ్లకు, దిగుమతి చేసేవాళ్లకు, సరఫరా చేసేవాళ్లకు 8వ సెక్షన్ విడిగా బాధ్యత పెట్టింది. వాళ్లు ఇచ్చే వస్తువు సురక్షితంగా ఉండాలి, దాన్ని ఎలా వాడాలో సమాచారం కూడా ఇవ్వాలి. కాబట్టి సర్టిఫికెట్ అడగడం మీ చాదస్తం కాదు. అమ్మినవాడు ఇవ్వాల్సినదాన్నే మీరు అడుగుతున్నారు.

"మనిషిని పెట్టాను, ఇక నాకు సంబంధం లేదు" అనే వాదన కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్‌లో ఒక బొగ్గుగని కంపెనీ సరిగ్గా ఇదే అంది. షిఫ్ట్ అయిపోయి కార్మికులు బయటికి వచ్చే వేళ లాగుడు యంత్రం కదిలి ఒక కార్మికుడు నలిగిపోయాడు. సాంకేతిక వ్యవహారాలన్నీ అర్హత ఉన్న మేనేజర్‌కి అప్పగించాం కాబట్టి మాకు బాధ్యత లేదని కంపెనీ వాదించింది. బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ 1937లో ఆ వాదనను కొట్టేసింది. పని తెలిసిన మనుషులు, సరైన సామగ్రి, సరైన పని పద్ధతి, దాని మీద పర్యవేక్షణ, ఇవన్నీ సమకూర్చాల్సింది యజమానే అనీ, పని ఇంకొకరికి అప్పగించవచ్చు గానీ ఆ బాధ్యతను వదిలించుకోలేడనీ చెప్పింది. విల్సన్స్ అండ్ క్లైడ్ కోల్ కంపెనీ కేసు అంటారు దాన్ని. మీ సంతకం వల్ల మీ యజమాని బాధ్యత ఒక్క గింజంత కూడా తగ్గదు. కోడ్‌లోని 103వ సెక్షన్ ప్రకారం, యజమాని విధి తప్పినందువల్ల మనిషి చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు.

అలాగని మీరు పూర్తిగా బయటపడ్డట్టు కాదు. మీ మంచి కోరే ఈ మాట చెప్తున్నాను. ఎవరి నిర్లక్ష్యం వల్లయినా మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద కేసు పెడతారు. అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. పాత శిక్షాస్మృతిలో 304ఏ కింద ఇది రెండేళ్లే ఉండేది. పోలీసులు వచ్చిన రోజు మొదట అడిగేది రిజిస్టరే. 'చెక్డ్ ఓకే' కింద మీ పేరే ఉంటుంది, "కంపెనీ చూసుకుంటుంది" అన్న మాట మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

కేసు పెట్టినంత మాత్రాన శిక్ష పడుతుందని కాదు. 1965లో రిపోర్టయిన కుర్బాన్ హుస్సేన్ కేసు గుర్తుకొస్తోంది. అది రంగులు, వార్నిష్ తయారుచేసే ఫ్యాక్టరీ. లైసెన్స్‌లో లేని పద్ధతిలో, మండుతున్న బర్నర్ల దగ్గరే సరుకు కాచేవారు. వేడివేడిగా ఉన్న సరుకు తగినంత చల్లారకముందే ఒక ఉద్యోగి టర్పెంటైన్ పోశాడు. నురగ పొంగి పక్కనున్న మంటల మీద పడింది. ఏడుగురు పనివాళ్లు చనిపోయారు. అలా నడిపించినందుకు మేనేజర్‌దే తప్పని కింది కోర్టులు శిక్ష వేశాయి. సుప్రీంకోర్టు మాత్రం మరణాలకు సంబంధించిన నేరం కొట్టేసి, మంటల విషయంలో నిర్లక్ష్యంగా ఉన్న నేరాన్ని నిలబెట్టింది. చావుకు నేరుగా దారితీసిన పని నిందితుడిదే అయి ఉండాలి, ఎక్కడో వెనకాల ఒక కారణంగా ఉంటే చాలదు అన్నది కోర్టు తర్కం.

మీ సంగతికి వస్తే దీని అర్థం ఏమిటి? బేరం చూసి నాసిరకం స్లింగ్ కొన్నవాళ్లు, ఇవ్వమని ఒత్తిడి తెచ్చిన మేనేజర్, చూడకుండా 'ఓకే' రాసిన మీరు, అందరూ ఆ గొలుసులో ఉన్నారు. తెగిపోయే స్లింగ్‌ను ఆపగలిగిన చివరి చెయ్యి ఎవరిది అని చూస్తే మీ చెయ్యే కనిపించే ప్రమాదం ఉంది. ఎందుకంటే చూడటమే మీ ఉద్యోగం. చూడకుండా చూశానని రాయడం మరీ ప్రమాదం. రికార్డుల్లో తప్పుడు ఎంట్రీలు రాయడం కోడ్ కింద విడిగా నేరమే, ప్రమాదం జరిగినా జరగకపోయినా.

ఇక్కడ ఇంకో చిక్కుంది, చాలా ఫ్యాక్టరీల్లో చూశాను. తనిఖీలన్నిటికీ కలిపి ఒకే రిజిస్టర్, ఒకే సంతకం. కానీ స్లింగ్‌కు తనిఖీలు మూడు రకాలు. సరుకు వచ్చినప్పుడు చూసేది ఒకటి. వాడబోయే ముందు రిగ్గర్, అంటే బరువును క్రేన్‌కు కట్టే మనిషి, కంటితో, చేత్తో చూసుకునేది ఇంకొకటి. మూడోది 12 నెలలకు ఒకసారైనా జరగాల్సిన పూర్తి పరీక్ష. ఇది ప్రభుత్వం గుర్తించిన కాంపిటెంట్ పర్సన్ మాత్రమే చేయాలి. 1948 చట్టం 29వ సెక్షన్‌లో ఉన్న నియమం ఇది. ఆ చట్టం కింద వచ్చిన పాత రూల్స్, వాటి స్థానంలో కొత్తవి వచ్చేదాకా, కోడ్‌కు విరుద్ధం కానంతవరకు చెల్లుతాయి. మీది మొదటి తనిఖీ మాత్రమే. మూడో తనిఖీకి కూడా మీతో సంతకం పెట్టిస్తుంటే ఈరోజే ఆపేయండి. మీకు లేని అర్హతను మీరు ఒప్పుకున్నట్టవుతుంది.

మీ తనిఖీలో ఏం చూడాలో మీకు తెలిసే ఉంటుంది. అయినా చట్టం కోణంలోంచి కొన్ని చెప్పాలి. బెల్ట్ స్లింగ్‌కు కుట్టిన లేబులే దాని గుర్తింపు కార్డు. ఎంత బరువు మోస్తుంది, ఏ మెటీరియల్, పొడవెంత, ఎవరు తయారుచేశారు, సీరియల్ నంబర్ ఎంత, అన్నీ దాని మీదే ఉంటాయి. నీలం లేబుల్ అంటే పాలిస్టర్, ఆకుపచ్చ లేబుల్ అంటే నైలాన్. బెల్ట్ రంగుతో దీన్ని కలపకండి. బెల్ట్ ఆకుపచ్చగా ఉంటే మామూలుగా 2 టన్నులు, ఊదా 1 టన్ను, పసుపు 3 టన్నులు. లేబుల్ ఊడిపోయిన ఆకుపచ్చ బెల్ట్‌ను చూసి "ఇది రెండు టన్నులదే" అని రంగుతోనే తేల్చేస్తే, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

మెటీరియల్ ఎంపిక దగ్గర కూడా చాలామంది పొరపాటు పడతారు. కాస్టిక్ సోడా లాంటి క్షారాలు పాలిస్టర్‌ను తినేస్తాయి. యాసిడ్ నైలాన్‌ను తినేస్తుంది. మీ దగ్గర పిక్లింగ్ తొట్టి, అంటే ఇనుమును యాసిడ్‌లో ముంచి శుభ్రం చేసే తొట్టి ఉంటే అక్కడ నైలాన్ స్లింగ్ వాడకూడదు. ఈ సంగతి సరుకు కావాలని మీరు పంపే ఇండెంట్‌లోనే రాయండి. ఉట్టి 'స్లింగ్ 2 టన్, 6 నెంబర్స్' అని పంపితే ఏది చవకైతే అదే వస్తుంది. 'పాలిస్టర్, 2 టన్నులు, 3 మీటర్లు, యాసిడ్ దగ్గర వాడకానికి, లేబుల్, టెస్ట్ సర్టిఫికెట్‌తో' అని పంపితే, అది కాకుండా వేరేది కొన్నవాళ్లే జవాబు చెప్పుకోవాలి. ఇండెంట్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

మేనేజర్ గారి రెండో మాట: "వర్కర్ రూల్ పాటించకపోతే తప్పు అతనిదే." ఇది సగం నిజం. కోడ్ 13వ సెక్షన్ ఉద్యోగికి కూడా బాధ్యతలు పెట్టింది. భద్రతా నియమాలు పాటించాలి, ప్రమాదకరమైనది కనిపిస్తే చెప్పాలి. కానీ పరిహారం దగ్గరికి వచ్చేసరికి లెక్క వేరు. ఈఎస్‌ఐ వర్తించని చోట సామాజిక భద్రతా కోడ్ కింద యజమాని పరిహారం ఇవ్వాలి. కావాలనే భద్రతా నియమాన్ని ధిక్కరించాడని యజమాని వాదించవచ్చు. అయితే ఆ నియమం ముందే స్పష్టంగా పెట్టి ఉండాలి, ధిక్కారం కావాలని చేసినదై ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వచ్చినా ఈ వాదన అసలు పనికిరాదు. పరిహారం ఇచ్చి తీరాల్సిందే. నియమం చెప్పామని కాగితం మీద రాసుకుంటే కూడా సరిపోదు. రెండు కాళ్ల స్లింగ్‌ను, అంటే హుక్కు నుంచి రెండు పాయలుగా దిగేదాన్ని, బాగా పరిచి ఎత్తితే, అంటే నేలతో 30 డిగ్రీల కోణం వస్తే, ఒక్కో కాలు మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. ఈ సంగతి రిగ్గర్‌కు అతనికి అర్థమయ్యే భాషలో ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండకపోతే అతను 'రూల్ పాటించలేదు' అని ఎలా అంటారు?

ఇక ఉద్యోగం సంగతి. కోడ్ 14వ సెక్షన్ మీకు హక్కు ఇస్తోంది. తీవ్రమైన గాయం గానీ మరణం గానీ జరగొచ్చని మీకు సహేతుకమైన భయం ఉంటే, ఆ విషయం యజమానికి చెప్పవచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్‌కు, అంటే ప్రభుత్వ తనిఖీ అధికారికి కూడా తెలియజేయవచ్చు. యజమాని ఒప్పుకోకపోతే ఆ విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కే పంపాలి. వాళ్ల నిర్ణయమే చివరిది. కాబట్టి మీ మేనేజర్‌కు ఈమెయిల్ చేయండి. ఇలా చాలు:

"అయ్యా, ఈ తేదీన వచ్చిన 6 స్లింగులకు టెస్ట్ సర్టిఫికెట్ లేదు, రెండిటికి లేబుల్ లేదు. ఇవి ఎంత బరువు మోస్తాయో నిర్ధారించుకునే మార్గం నా దగ్గర లేదు. వీటిని విడిగా పెట్టాను. సర్టిఫికెట్ తెప్పించాలని, లేదా వీటిని వాపసు చేయాలని కోరుతున్నాను. వీటిని వాడమని ఆదేశం ఉంటే దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి."

చివరి వాక్యం వదిలేయకండి. రాతలో అలాంటి ఆదేశం ఇచ్చేవాళ్లను నేను చాలా అరుదుగా చూశాను. వాట్సాప్‌లో పంపినా ఫర్వాలేదు గానీ ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. దాన్ని కోర్టులో పెట్టాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే సర్టిఫికెట్‌తో సహా చూపించాలి.

దీనికోసం తీసేస్తే ఏం చేయొచ్చన్నది చట్టం దృష్టిలో మీరు 'వర్కర్' అవునా కాదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునేవాళ్లు వర్కర్ కిందికి రారు. కానీ పేరు చూసి భయపడకండి. 'ఇన్‌చార్జ్' అన్న హోదా ఒక్కటే చాలదు. రోజూ మీరు నిజంగా చేసే పని ఏమిటో కోర్టులు చూస్తాయి. సరుకు దింపించుకోవడం, లెక్క రాయడం, ఇష్యూ చేయడమే మీ పనైతే, మీ కింద మీరు శాసించే మనుషులెవరూ లేకపోతే, వర్కర్‌నే అని వాదించడానికి గట్టి అవకాశం ఉంది. అపాయింట్‌మెంట్ లెటర్, గత ఏడాది పే స్లిప్పులు ఇంట్లో భద్రపరుచుకోండి. షోకాజ్ నోటీసు వస్తే మాత్రం సొంతంగా జవాబు రాయకండి. ముందు లాయర్‌కు చూపించండి.

మిగిలింది మూడు నెలలుగా పెట్టిన సంతకాలు. వాటిని కొట్టేయకండి, వైట్‌నర్ పూయకండి, పాత తేదీలతో ఇంకేదీ చేర్చకండి. అలా చేస్తే పొరపాటు కాస్తా మోసంలా కనిపిస్తుంది. ఈ వారంలోనే ఆ స్లింగులన్నీ వెనక్కి తెప్పించి మళ్లీ చూడండి. ఈరోజు తేదీతో కొత్త ఎంట్రీ రాయండి: "ఫలానా తేదీల్లో ఇష్యూ చేసిన స్లింగులను తిరిగి తనిఖీ చేశాను, ఇన్నిటికి లేబుల్ లేదు, ఇన్నిటి అంచులు తెగి ఉన్నాయి." పనికిరానివాటిని షెడ్‌లో ఓ మూల పడేస్తే సరిపోదు. నైట్ షిఫ్ట్‌లో స్లింగ్ దొరక్కపోతే ఎవరో ఒకరు మళ్లీ అదే తీసుకుంటారు. మేనేజ్‌మెంట్ అనుమతి తీసుకుని, ఇద్దరి ఎదుట వాటిని మధ్యకు కోయించండి. కోసిన ముక్కల ఫొటో తీసి, సీరియల్ నంబర్ ఉంటే అదీ రాసి, ఆ ఇద్దరి సంతకాలు కూడా రిజిస్టర్‌లో తీసుకోండి.