ముందు చాటింపు, తర్వాతే పత్రిక

బిడ్డా,

పాలమూరు, నల్లగొండ మీడియా చరిత్ర మీద నువ్వు పంపిన పరిశోధన సినాప్సిస్ చదివాను. 1922లో నల్లగొండ నుంచి వెలువడిన 'నీలగిరి'తో మొదలుపెట్టి, 1926 నాటి 'గోలకొండ పత్రిక' మీదుగా ఇప్పటి చానళ్ల దాకా వచ్చావు. బాగానే ఉంది. కానీ ఆ రోజుల్లో మన ఊళ్లలో చదువొచ్చినవాళ్లు ఎందరు? మిగతా ఊరికంతా కబురు ఎట్లా తెలిసేది? డప్పు కొట్టి చాటింపు వేసింది మాదిగలు. పటేల్, పట్వారీల చిట్టీలు పట్టుకొని పక్క ఊళ్లకు నడిచిందీ వాళ్లే, అదీ వెట్టికి. నీ మొదటి చాప్టర్ అక్కడుంది.

'గోలకొండ పత్రిక' నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారిని తక్కువ చేయమనడం లేదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిన మనిషి. ఆ సంచికనే మళ్లీ తీసి, ఆడవాళ్ల పేర్లు ఎన్ని, ఏ కులాల పేర్లు అసలు కనిపించవు, ఒక కాగితం మీద రాసుకో.

తర్వాత డక్కలివాళ్ల దగ్గరికి పో. మాదిగల పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, వాళ్లిచ్చేదాని మీదే బతికిన కులం. కిన్నెర అనే తీగల వాయిద్యం మీద పండుగ సాయన్న కథ పాడతారు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడని పాట అంటుంది, సర్కారుకేమో బందిపోటు. రెండూ పక్కపక్కన పెట్టు, తీర్పు చెప్పే తొందర వద్దు. 2022లో దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర అందరికీ తెలిసింది. నువ్వు టీవీకెక్కని వాళ్లను వెతుకు.

ఇంట్లోకి పోగానే ఫోన్ తీసి మొహం మీద పెట్టకు. మంచం వాల్చితే కూర్చో, ఇచ్చిన నీళ్లు తాగు. తాగుతావా లేదా అన్నదే వాళ్లు ముందు చూస్తారు. డబ్బు సంగతి పాటకు ముందే తేల్చుకో. అంతా అయ్యాక చేతిలో రెండొందలు పెట్టి దండం పెట్టి రావడం నాకు నచ్చదు. పాడినవాళ్ల పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయి. 'జానపదం' అని పేరు లేకుండా పడేసే అలవాటు మన యూనివర్సిటీలకు ఎప్పుడు పోతుందో! 'ఒచ్చిండు' అంటే 'ఒచ్చిండు' అనే రాయి.

ఆడవాళ్లను మగవాళ్ల ముందు అడిగితే 'మాకేం ఎర్క' అంటారు. కలుపు తీసే చోట అడుగు. తెలంగాణ సాయుధ పోరాటంలో అన్నం వండి, చీటీలు మోసిన ఆడవాళ్ల మాటలు పుస్తకంగా రావడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు వెళ్లి అడిగితేనే వచ్చాయవి.

రికార్డు చేసింది వాళ్లకే ముందు వినిపించు. తీసెయ్యమన్న ముక్క తీసెయ్. గైడుకు కోపం వస్తే రానీ.

ఇంకొకటి, ఎప్పుడంటే అప్పుడు వస్తే ఊళ్లో ముసలోళ్లే ఉంటారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని వలస పోయినోళ్లు పీర్ల పండుగకు ఇండ్లకొస్తారు. ఈ ఏడు అది ఎప్పుడో చూసుకొని బయలుదేరు.

మీ పెద్దబాపు