ఇద్దరు చిన్నపిల్లల్ని బట్టల యాడ్ షూట్‌కి తీసుకెళ్ళొచ్చా? మేం వెళ్ళొచ్చాం, మా అనుభవం ఇది

మీ పాపకి నాలుగేళ్ళు, బాబుకి ఏడాదిన్నర, హైదరాబాద్‌లో ఒక పిల్లల బట్టల బ్రాండ్ దసరా కలెక్షన్ ఫొటోలకి ఇద్దర్నీ అడిగారు, వెళ్ళాలా వద్దా అని అడిగారు కదండీ. మేం వెళ్ళినప్పుడు మా పెద్దదానికి అయిదు, చిన్నోడికి రెండు ఇంకా నిండలేదు. వెళ్ళొచ్చు, భయపడాల్సిందేం లేదు. కాకపోతే ఒక్కటి ముందే మనసులో గట్టిగా అనుకుని వెళ్ళండి, అక్కడ మీరు యూనిట్ తరఫు మనిషి కాదు, పిల్లల తరఫు మనిషి. స్టూడియోలో లైట్ల వాళ్ళు, స్టైలిస్ట్, మేకప్, బ్రాండ్ వాళ్ళు అందరూ ఉంటారు, చాలావరకు మంచివాళ్ళే, పిల్లల్ని ముద్దు చేస్తారు కూడా, కానీ ఎవరి పని వాళ్ళకి ఉంటుంది. "ఇంక చాలండీ, పిల్ల అలిసిపోయింది" అని చెప్పే పని మాత్రం మనదే, ఇంకెవరూ చెప్పరు.

ముందు డబ్బుల సంగతి చెప్పేస్తాను ఎందుకంటే ఎక్కువ మంది దెబ్బ తినేది ఇక్కడే. నిజమైన పని అయితే వాళ్ళు మనకి ఇస్తారు, మనం వాళ్ళకి రూపాయి కూడా కట్టక్కర్లేదు. "మీ పాప సెలెక్ట్ అయింది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, పోర్ట్‌ఫోలియో మా దగ్గరే తీయించాలి" అని మాక్కూడా ఫోన్ వచ్చింది, అక్కడే కట్ చేసేశాం. ఈ వయసు పిల్లలకి పోర్ట్‌ఫోలియో, అంటే మోడలింగ్ ఫొటోల ఆల్బమ్, దేనికండీ, ఆర్నెల్లు తిరిగేసరికి మొహమే మారిపోతుంది. కిటికీ పక్కన నిలబెట్టి ఫోన్‌లో తీసిన ఫొటోలు, ఎదురుగా ఒకటి పక్క నుంచి ఒకటి, తన పేరు వయసు తనే చెప్పే చిన్న వీడియో, ఎత్తు, ఛాతీ, నడుము కొలతలు, చెప్పుల సైజు, మమ్మల్ని అడిగింది ఇవే. పిల్లల్ని బ్రాండ్ వాళ్ళకి కుదిర్చే కోఆర్డినేటర్ కమీషన్ తీసుకుంటారు, అది వచ్చే పేమెంట్‌లోంచి పోతుంది, ఎంత శాతమో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం, మన దగ్గర చాలామంది తల్లిదండ్రులకి తెలియదు, దీనికి చట్టం ఉంది. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో మార్చినప్పుడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదన్నారు, సినిమాలు, సీరియళ్ళు, యాడ్స్‌లో ఆర్టిస్టుగా చేయడానికి మాత్రం షరతులతో ఒప్పుకున్నారు. ఆ షరతులు 2017లో వచ్చిన రూల్స్‌లో ఉన్నాయి. రోజుకి అయిదు గంటలకి మించి చేయించకూడదు, మధ్యలో రెస్ట్ ఇవ్వకుండా మూడు గంటలు దాటకూడదు, షూట్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అంటే మన కలెక్టర్ దగ్గర నిర్మాత ముందే పర్మిషన్ తీసుకోవాలి, అయిదుగురు పిల్లలకి కనీసం ఒక బాధ్యత గల మనిషిని పెట్టాలి, వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, అది వాళ్ళు మేజర్ అయ్యాక వాళ్ళకే. పిల్లకి ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా అందులోనే రాసుంది, నాకు మిగతా అన్నిటికంటే ఆ మాటే పెద్దది అనిపించింది.

ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో, ఛాన్స్ పోతుందేమో అని మా ఆయన ముందు కొంచెం వెనకాడారు. ఒక చోట నిజంగానే "ఒక్కరోజు ఫొటోలకి కలెక్టర్ పర్మిషన్ ఏంటి మేడమ్" అన్నారు, అక్కడికి మేం వెళ్ళలేదు. తర్వాత పిలిచిన వాళ్ళని అడిగితే ప్రొడక్షన్ అమ్మాయి మామూలుగానే తీసుకుని కాగితాల కాపీ మెయిల్ చేసింది. మర్యాదగా, రాతలో అడగండి, జవాబు చూస్తే ఎలాంటి వాళ్ళో మీకే తెలిసిపోతుంది.

ఇక షూట్ రోజు. కాల్ టైమ్, అంటే వాళ్ళు మనల్ని రమ్మన్న టైమ్, ఎంత అనేదాని కంటే పిల్లాడు నిద్రపోయే టైమ్ ఎంత అనేది ముఖ్యం, అది ముందే చెప్పేయండి. మా చిన్నోడు పన్నెండింటికి పడుకుంటాడు, వాడివి పొద్దున్నే తీసేయమని అడిగితే ఒప్పుకున్నారు. పెద్దవాళ్ళు ఇద్దరు ఉండాల్సిందే, ఒకళ్ళు లైట్ల దగ్గరుంటే రెండో పిల్లాడి దగ్గర ఇంకొకళ్ళు ఉండాలి, మా అత్తయ్య వచ్చారు కాబట్టి సరిపోయింది. బయల్దేరే ముందు ఆవిడ ఇద్దరికీ దిష్టి చుక్క అరికాలికి పెట్టారు, బుగ్గన పెడితే మేకప్ వాళ్ళు తుడిచేస్తారని, ఆవిడకి తెలిసినంత నాకు తెలియలేదు చూడండి.

పెద్దదానికి పట్టు లంగా జాకెట్టు వేశారు. జరీ అంచు నడుము దగ్గర గుచ్చుకుంటుంది, కాబట్టి లోపల వేయడానికి పల్చటి కాటన్ స్లిప్, షార్ట్స్ ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. శాంపిల్ బట్టలు పిల్ల సైజుకి సరిగ్గా ఉండవు, అందుకని ఎదురుగా ఫిట్‌గా కనపడటానికి వెనకాల బట్టని మడిచి క్లిప్పులు పెట్టేస్తారు, ఈ సంగతి నాకు ముందు తెలియదు. మధ్యలో మా పెద్దది కుర్చీలో కూర్చోమంటే కూర్చోవట్లేదు, నవ్వమంటే పెదాలు మాత్రం సాగదీస్తోంది, అందరూ మూడ్ లేదనుకుంటున్నారు. దగ్గరికెళ్ళి "ఏమైంది తల్లీ" అని చెవిలో అడిగితే "వీపు నొప్పి అమ్మా" అంది. వెనక్కి తిప్పి చూస్తే ఇనప క్లిప్పు ఒకటి బట్టతో పాటు చర్మాన్ని కూడా పట్టేసి ఉంది, ఎర్రగా రెండు గాట్లు. స్టైలిస్ట్ అమ్మాయి పాపం చాలా బాధపడింది, వెంటనే తీసేసి సూదీ దారంతో కుట్లు వేసింది. అంతమందిలో అయిదేళ్ళ పిల్ల నోరు తెరిచి నొప్పి అని చెప్పదండీ, కొత్తవాళ్ళ ముందు బుద్ధిగా ఉండాలని మనమే నేర్పిస్తాం కదా. అందుకే మీరు లైట్ల వెనకాల ఎక్కడో సోఫాలో కాకుండా పిల్ల కళ్ళకి కనపడే చోట నిలబడండి, ప్రతి డ్రెస్‌కీ వీపు మీద చెయ్యి పెట్టి చూడండి.

చిన్నోడిది వేరే కథ. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా టప్ మని చప్పుడు, ఆ వెలుగు, వాడు నా మెడ వదలకుండా ఒకటే ఏడుపు. "ఒక్క రెండు నిమిషాలు దింపండి మేడమ్" అన్నారు, నేను దింపలేదు. అసిస్టెంట్ కుర్రాడు ఒకతను లైట్ వెలిగించే రిమోట్ తెచ్చి వాడి చేతిలో పెట్టి బటన్ నొక్కించాడు. వాడు నొక్కడం, అది వెలగడం, ఇంక ఆపితే ఒట్టు, పది నిమిషాల్లో కిందకి దిగి గొడుగు లైట్ ముందు గెంతుతున్నాడు. మంచి ఫొటోలు అప్పుడు వచ్చినవే. అదే ఏడుస్తుండగా దింపేసి ఉంటే ఆ రోజంతా దగ్గరికి వచ్చేవాడు కాదు.

ఏడాదిన్నర వయసుకి ఇంకో పిల్లాడిని కూడా పిలిచి ఉంచుతారు, ఎవరు ఏడవకపోతే వాళ్ళవి తీస్తారు, అది మామూలే. కాబట్టి "మా బాబు ఫొటో హోర్డింగ్ మీద వస్తోంది" అని చుట్టాలందరికీ ముందే చెప్పకండి. మీ పాప, బాబు ఇద్దరిలో ఒకళ్ళవే ఎక్కువ వాడుకునే అవకాశం కూడా ఉంది, మీ పాప కాస్త ఊహ తెలిసిన పిల్ల కాబట్టి వాళ్ళ పోలిక తన ముందు తేవద్దని ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి పెట్టండి.

తిండి మన దగ్గరే ఉండాలి. ఇడ్లీ ముక్కలు, అరటిపండు లాంటివి పర్లేదు, చాక్లెట్, సాస్ తగిలితే శాంపిల్ డ్రెస్ పోతుంది, అందరి మొహాలూ మాడతాయి. బట్టలు మార్చడం మాత్రం తలుపేసిన గదిలో, మీ చేతులతోనే, ఇంకెవరూ ఉండకూడదు, పసిపిల్లలే కదా అని అక్కడే మార్చేద్దాం అంటే ఒప్పుకోకండి. అలాగే యూనిట్ వాళ్ళు ఫోన్లలో పిల్లల వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటారు, బ్రాండ్ ఫొటోలు తప్ప ఇంకేవీ బయటికి వెళ్ళకూడదని నేను పొద్దున్నే చెప్పేశాను, ఎవరూ ఏమీ అనుకోలేదు. అయిదేళ్ళ పిల్లకి ముదురు లిప్‌స్టిక్ కూడా వద్దన్నాను, పిల్లలు పిల్లల్లా కనపడితేనే అందం అని నా అభిప్రాయం, వాళ్ళు కొంచెం పౌడర్‌తో సరిపెట్టారు.

అగ్రిమెంట్‌లో ఫొటోలు ఎన్నాళ్ళు వాడతారు, వెబ్‌సైట్‌కేనా హోర్డింగులకి కూడానా, వేరే కంపెనీకి ఇవ్వొచ్చా అనే మూడూ చూసుకోండి, ఎప్పటికీ ఎక్కడైనా వాడుకోవచ్చు అని ఉంటే తేదీ పెట్టించండి. పేమెంట్ ఆ రోజే చేతికి రాదు, మాకు నెలలు పట్టింది, రాతలో ఉంది కాబట్టి అడగగలిగాం. పేమెంట్‌లోంచి టీడీఎస్, అంటే ముందే కోసుకునే ట్యాక్స్, పట్టుకుంటారు, కాబట్టి పిల్లల పేరు మీద పాన్ తీసుకోవడం మంచిది, మైనర్లకీ ఇస్తారు. పిల్లలు తమ కళతో సంపాదించింది ట్యాక్స్‌లో మన ఆదాయంతో కలవదు, దాని మీద బ్యాంకు వడ్డీ మాత్రం కలుస్తుంది, మా ఆడిటర్ గారు అలాగే వేశారు. మేం 20 శాతం కాదు, వచ్చిందంతా ఇద్దరి పేరు మీదా డిపాజిట్ వేశాం.

ఈ వారం చేయాల్సింది ఏంటంటే, పాపని ఊరికే "ఫొటోలు దిగుతావా" అని కాకుండా "చాలాసేపు ఉంటుంది, బట్టలు మార్చుకుంటూ ఉండాలి, నీకు వద్దనిపిస్తే అమ్మకి చెప్తే వచ్చేద్దాం" అని మొత్తం చెప్పి అడగండి. వద్దంటే అంతటితో వదిలేయండి. సరే అంటే కోఆర్డినేటర్‌కి పర్మిషన్ గురించి, గంటల గురించి మెయిల్ పెట్టండి, వాళ్ళు ఏం రాశారో పేర్లు తీసేసి ఇక్కడ కామెంట్‌లో పెడితే నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను.