బ్రాకెట్లు ఊడిపోతున్నాయని రాసిన అమ్మాయికి

అమ్మా,

నీ ఉత్తరం చదివాను. పళ్ళ వరస సరిచేసే చికిత్సలో కింది ప్రీమోలార్ల (కోరపళ్ళ వెనకుండే చిన్న దవడపళ్ళు) మీద అంటించే బ్రాకెట్లు నిలవడం లేదు, వాటిని అంటించే జిగురు, అదే కాంపోజిట్, మార్చమంటారా అని అడిగావు. మార్చకు. ఈ చికిత్సకు 6 నుంచి 8 మెగాపాస్కల్స్ (పట్టు బలాన్ని కొలిచే ప్రమాణం) పట్టు సరిపోతుందని రేనాల్డ్స్ అనే పరిశోధకుడు 1975లోనే చెప్పాడు. పట్టు మరీ ఎక్కువైతే చివర్లో బ్రాకెట్ తీసేటప్పుడు పంటి పైపొర ఎనామిల్ చిట్లే ప్రమాదం ఉంది.

ముందు ఊడిన బ్రాకెట్‌ను తిప్పి చూడు. జిగురంతా దానికే అంటుకుని పన్ను శుభ్రంగా ఉంటే ఎచింగ్‌లోనో (జిగురు పట్టేలా పన్నును యాసిడ్‌తో గరుకు చెయ్యడం), తడి దగ్గరో లోపం ఉన్నట్టు. జిగురు పంటి మీదే ఉండిపోయి బ్రాకెట్ వెనకున్న సన్నటి వల ఖాళీగా ఉంటే జిగురు వలలోకి సరిగా దిగలేదు, లేదా జిగురును గట్టిపరిచే లైట్ చాల్లేదు. నీ కేసుల్లో మొదటిదే అయి ఉంటుందని నా అనుమానం.

పన్నును నూనె, ఫ్లోరైడ్ లేని ప్యూమిస్ పొడితో రుద్ది కడుగు. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ 15 నుంచి 30 సెకన్లు ఉంచితే చాలు. కడగడానికి మాత్రం తొందరపడకు. ఆరబెట్టాక పన్ను మెరుపు పోయి సుద్దలా తెల్లబడాలి. అలా కనిపించేదాకా ప్రైమర్ (జిగురుకు ముందు పూసే పల్చటి ద్రవం) జోలికి వెళ్ళొద్దు. ఆ తెలుపు మీద ఉమ్మి తగిలిందా, దూదితో ఒత్తి సరిపెట్టుకోకు. యాసిడ్ తెరిచిన సన్నటి రంధ్రాలను ఉమ్మిలోని ప్రోటీన్లు మూసేస్తాయి. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కాసేపు ఎచ్ చెయ్యి. కింద వెనకవైపు నాలుక ఊరుకోదు కాబట్టి ఒక్కోసారి రెండేసి పళ్ళే పనికి పెట్టుకో. నీ గాలి సిరంజిని ఒకసారి మౌత్ మిర్రర్ మీద కొట్టి చూడు. తేమో, నూనెమరకో కనిపిస్తే అసలు దొంగ అక్కడే ఉంది.

బ్రాకెట్‌ను గట్టిగా నొక్కి, చుట్టూ పొంగిన జిగురును లైట్ వేయకముందే తీసెయ్యి. వదిలేస్తే అక్కడే పాచి పట్టి తెల్లమచ్చలు వస్తాయి. పాపం, పిల్లలు ఎంత బ్రష్ చేసినా పోవు. మెటల్ బ్రాకెట్ వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి లైట్ రెండు పక్కల నుంచీ వెయ్యి.

ఇంకోటి, పై పళ్ళు ఆ బ్రాకెట్లకు తగులుతున్నాయేమో కాగితం పెట్టి కొరికించి చూడు. తగులుతుంటే ఏ జిగురూ నిలవదు, పై పళ్ళు వాటికి ఆనకుండా ముందు బైట్ (కొరుకు) పైకెత్తాలి.

సగమే పైకొచ్చిన రెండో మోలార్ (పెద్ద దవడపన్ను) లాంటి చోట, తడి ఎలాగూ ఆపలేనప్పుడు, రెజిన్ కలిపిన గ్లాస్ అయానమర్ అనే జిగురు వాడు. పట్టు కొంచెం తక్కువైనా తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ కూడా ఇస్తుంది.

ఇకపై ఊడిన బ్రాకెట్లు పారెయ్యకు. ఏ పంటిదో రాసి దాచిపెట్టు, నేను వచ్చినప్పుడు కలిసి చూద్దాం.