ఎలుగుబంటి తల తొడుక్కునే ముందు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

థీమ్ పార్కులో వేషం వేసే ఉద్యోగానికి నిన్ను ఎంపిక చేశారని తెలిసింది. అదీ ఎలుగుబంటి వేషానికట. విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. మన ఇంట్లో ఎవరూ ఉద్యోగమని ఒప్పుకోని నా పాత పనిని ఇన్నాళ్లకు ఒక పిల్ల కోరి ఎంచుకుందన్న సంబరం ఒకవైపు. ఆ తల బరువు, లోపలి ఉడుకు తెలిసినదాన్ని కనుక గుబులు మరోవైపు. ఈ పనిలో ముందు చూసేది ఎత్తు. పొట్టిదాన్ని కనుక నాకు కుందేలు దక్కింది. నువ్వు మీ నాన్న పోలిక, పొడగరివి. ఎలుగుబంటి కాక ఇంకేమిస్తారు!

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. గోళ్లు కత్తిరించుకో. ఉంగరం, గడియారం ఇంట్లో పెట్టి వెళ్లు. జుట్టు బిగించి ముడి వేసి పైన నూలు గుడ్డ కట్టుకో. లోపల పల్చటి నూలు బట్టలే వేసుకో, మారుజత దగ్గర ఉంచుకో. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగు. తల తీసేసి, ఒంటి మీద మాత్రం వేషంతో దిగిన ఫొటోలు ఎవరికీ పంపకు. నాకు కూడా.

ఇక పిల్లల సంగతి. లోపల మనిషి ఉన్నారని పిల్లలు కనిపెట్టేస్తే ఏం చేయాలని మీ అమ్మతో అన్నావట. కనిపెట్టేస్తారు. అది ముందే మనసులో వేసుకో. పెద్దవాళ్లు వేషం ముఖం చూసి ఫొటో దిగి వెళ్లిపోతారు. పిల్లలు అలా కాదు. చేతి తొడుగుకూ బొచ్చు చొక్కాకూ నడుమ కనిపించే వేలెడు చర్మాన్ని చూస్తారు. వీపున బొచ్చులో దాచిన జిప్పును చూస్తారు. కొన్ని వేషాల్లో నోటి దగ్గర నల్లటి వల ఉంటుంది, దానిలోంచే మనం బయటికి చూడాలి. నా కుందేలుకు అంతే. నువ్వు వంగినప్పుడు ఆ వల వెనక కళ్లు తళుక్కుమంటే దొరికిపోయినట్టే. నాకు ఒకసారి తుమ్ము వచ్చింది. కుందేలు తలలోంచి అచ్చంగా ఆడమనిషి తుమ్ము! ఎదురుగా ఉన్న అయిదేళ్ల పిల్ల ఒక్క క్షణం నన్ను పరీక్షగా చూసి, జేబులోంచి రుమాలు తీసి నా ముక్కు తుడిచింది. నా ముక్కంటే లోపల కారుతున్నది కాదు, బయటి గులాబీ రంగు గుడ్డ ముక్కు.

ఆ పిల్లకు తెలుసా, తెలియదా? ఇన్నేళ్లు ఆలోచించాక నాకు అనిపిస్తున్నది, ఆ ప్రశ్నే సరైనది కాదని. ఆ వయసులో తెలియడం, నమ్మడం ఒకే చాప మీద కూర్చుంటాయి.

1969లో రీటా డెవ్రీస్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం ప్రచురించారు. మేనార్డ్ అనే సాధువైన పిల్లిని పిల్లలకు చూపించి, దాని వెనక భాగం కనిపిస్తూ ఉండగానే ముఖానికి కుక్క ముసుగు తొడిగారు. మూడేళ్ల పిల్లల్లో చాలామంది అది ఇప్పుడు కుక్కేనన్నారు. ఆరేళ్ల వాళ్లు అది ముసుగు వేసుకున్న పిల్లేనని తేల్చేశారు. మన బతుకు తెరువంతా ఆ మూడేళ్లకూ ఈ ఆరేళ్లకూ మధ్యనే ఉంది. మధ్యలో ఉన్నవాడు పొద్దున ఒక మాట అంటాడు, సాయంత్రం ఇంకో మాట అంటాడు. రెండూ నిజాయితీగానే అంటాడు.

మరీ చిన్నవాళ్లకు ఈ నిజం, అబద్ధం గొడవే లేదు. వాళ్లకు ఉన్నది భయం. నువ్వుగా దగ్గరకు వెళ్లకు. దూరంగా మోకాళ్ల మీద కూర్చుని పక్కకు తిరుగు, కావాలంటే నీ ముఖాన్ని నువ్వే చేతులతో కప్పుకో. భయపడుతున్నది తను కాదు, నువ్వు అనిపించాలి. ఏడుస్తున్న బిడ్డను ఫొటో కోసం నీ ఒళ్లోకి తోసే తల్లిదండ్రులు రోజూ తగులుతారు. అప్పుడు నువ్వే వెనక్కి జరుగు. మొహమాటపడకు.

కాస్త పెద్దవాళ్లు, అయిదారేళ్ల వాళ్లు, దగ్గరకు వచ్చి గుసగుసగా చెబుతారు: "నాకు తెలుసు, లోపల మనిషి ఉన్నారు." అడ్డంగా తల ఊపకు. నిలువుగానూ ఊపకు. నోటి మీద వేలు పెట్టు, అంతే. అది అవునని కాదు, కాదని కాదు, ఇది మనిద్దరి మధ్య ఉండే మాట అని. ఆ క్షణం నుంచి వాడు నీ ఆటలో భాగస్తుడు. పక్కనున్న చెల్లెలికి చెప్పకుండా కాపు కాసేది వాడే. "పోయినసారి వచ్చాను, గుర్తున్నానా?" అని అడిగే వాళ్లతో మాత్రం జాగ్రత్త. అది నీకు పెట్టిన పరీక్ష. గుర్తున్నట్టు తల ఊపితే, అప్పుడు తను ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పమంటాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఊరుకో. ఎనిమిదేళ్లు దాటిన వాళ్లు తోక లాగుతారు, డొక్కలో పొడుస్తారు, స్నేహితుల ముందు గెలవాలని. వాళ్లను నీ తోడు సిబ్బందికి వదిలేసి పక్కకు తప్పుకో.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు.

నాతో పనిచేసిన ఒక కుర్రవాడిది నీ వేషమే, ఎలుగుబంటి. మంచి ఎండ. విరామం వేళ దాటింది కానీ వరుసలో పిల్లలు తరగలేదు. చాలా, లోపలికి వెళదామా అని తోడు మనిషి సైగ చేస్తే, ఇంకొక్క ఫొటో అని వేలు చూపించాడు. మళ్లీ ఇంకొకటి. నీలాంటివాడే. చిన్నప్పుడు ఈత కొలనులోంచి బయటికి రమ్మంటే, పెదవులు నీలం తిరిగిపోయినా ఇంకో అయిదు నిమిషాలు అనేదానివి గుర్తుందా? అదీ నా భయం. అతను ఉన్నట్టుండి నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులతో తల ఊడబెరికి పక్కన పడేశాడు. ముఖం పాలిపోయింది, జుట్టు నీళ్లు కారుతోంది. తల తీయడం తప్పని ఎవరైనా అంటే వినకు. ప్రాణం కన్నా ఎలుగుబంటి ఎక్కువ కాదు. తప్పంతా అంతకుముందు పావుగంటలో జరిగింది.

రెండో తప్పు తరువాత జరిగింది. ఎదురుగా ఒక అన్నాచెల్లెళ్లు ఉన్నారు. పిల్లవాడికి ఏడేళ్లుంటాయి, చెల్లెలికి నాలుగు. వాడు ఏడవలేదు. కళ్లు పెద్దవి చేసుకుని ఆ కుర్రవాడినే చూస్తున్నాడు. సిబ్బందిలో ఒకామె కంగారుగా వచ్చి, "ఇతను దొంగ ఎలుగుబంటి, అసలైనది గుహలో నిద్రపోతోంది" అంది. "అయితే పొద్దున నేను కౌగిలించుకున్నది ఎవరిని?" అన్నాడు వాడు. ఆమె దగ్గర జవాబు లేదు. అప్పుడు ఏడ్చాడు. చూసినదానికి కాదు తల్లీ, చెప్పినదానికి. నేను కుందేలు వేషంలో పక్కనే ఉన్నాను, నోరు విప్పకూడదు. వాడు నా దగ్గరకు వచ్చి, నోటి వలలోంచి సూటిగా నా కళ్లలోకి చూసి, "నువ్వు కూడా అబద్ధమేనా?" అన్నాడు. చెయ్యి చాచాను. పట్టుకోలేదు.

ఈ సందట్లో చెల్లెలు ఏం చేస్తోందనుకున్నావు? పడి ఉన్న ఎలుగుబంటి తల దగ్గర గొంతుక్కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి, "తడిగా ఉంది" అని అందరికీ చెబుతోంది. సాయంత్రం ఇంకొకరు ఆ వేషంలో వస్తే పరుగెత్తుకుంటూ వెళ్లి, "నీలో ఇరుక్కున్న అన్నయ్య ఇంటికి వెళ్లిపోయాడా?" అని అడిగింది. ఎలుగుబంటి తల ఊపింది. పిల్ల తృప్తిగా చేతులు చాచి వాటేసుకుంది. అన్న మాత్రం దూరంగానే నిలబడ్డాడు.

"ఎలుగుబంటిగా ఆడే అన్నయ్యకు ఎండ దెబ్బ తగిలింది, నీళ్లు తెచ్చిపెడతావా?" అని ఆ రోజు ఒక్కరు అడిగి ఉంటే, ఆ పిల్లవాడు గ్లాసు కోసం పరుగెత్తేవాడు. వాడికి ఒక పని దొరికేది, ఒక రహస్యం దొరికేది. ఈ మాట నీ తోడు సిబ్బందికి ముందే చెప్పి ఉంచు. తల తొడుక్కున్నాక నీకు నోరు ఉండదు, నీ నోరు వాళ్లే.

పెద్దవాళ్ల గురించి ఒక ముక్క. పిల్లవాడికి తెలిసిపోయిందని బాధపడేది ఎక్కువగా వాళ్లే. శాంటా క్లాజ్ తాత నిజం కాదని తెలుసుకున్న 52 మంది పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ప్రశ్నించి 1994లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలు చాలావరకు తమంతట తామే, సుమారు ఏడేళ్ల వయసులో కనిపెట్టారు, మొత్తం మీద సంతోషంగానే తీసుకున్నారు. దిగులు పడింది తల్లిదండ్రులు. కనుక నీ ఎదుట ఒక తల్లి కళ్లు తుడుచుకుంటూ, "వీడికి చెప్పండి, మీరు నిజమేనని" అంటే కంగారుపడకు. పిల్లవాడి వైపు తిరిగి, వాడు ఏ ఆట కోరితే అది ఆడు.

వేషం బాగా కుదరలేదని కూడా బెంగ వద్దు. 1955 జూలైలో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు వాళ్లే ఐస్ కపేడ్స్ అనే మంచు నృత్య ప్రదర్శన బృందం దగ్గర వేషాలు అరువు తెచ్చుకున్నారు. పిల్లలు నిన్ను కొలిచేది కుట్టుపనితో కాదు, వాళ్లు చెయ్యి ఊపితే నువ్వు తిరిగి ఊపావా లేదా అన్నదానితో.

మీ అమ్మ నాకు ఫోను చేసి, నీ చేత ఈ ఉద్యోగం మాన్పించమంది. మాన్పించను. అయితే ఒక షరతు. తల తిరిగినా, వికారంగా ఉన్నా, అంత ఉడుకులోనూ ఒళ్లు జలదరించినా, ఎంత మంది పిల్లలు వరుసలో ఉన్నా లోపలికి వెళ్లిపోవాలి. దానికి నువ్వూ నీ తోడు మనిషీ ఒక సైగ పెట్టుకోవాలి. చెయ్యి ఊపడం పనికిరాదు, ఎలుగుబంటి రోజంతా చెయ్యి ఊపుతూనే ఉంటుంది. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకోవడం మేము వాడేవాళ్లం, దూరం నుంచి కూడా తెలుస్తుంది. మీరిద్దరూ ఏది అనుకున్నారో నాకు రాసి పంపు. ఆ ఉత్తరం అందాకే మీ అమ్మతో నీ తరఫున మాట్లాడతాను.

మీ పెద్దమ్మ